కుదురులేని మనిషి, పదిహేడు వరసలు

మా ఆయన క్రాంతి కుమార్‌కి కూర్చోవడం రాదు. ఇది కోపంలో అంటున్న మాట కాదు, ఇరవై ఏళ్ళ కాపురంలో తేలిన నిజం. అన్నం తింటూ పప్పు అయ్యాక లేచి వెళ్ళి ఏదో స్క్రూ బిగించి, పచ్చడి కలుపుకునేవేళకి తిరిగి వస్తారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే రెండు స్టాపులు కూర్చుని, దాన్ని ఇంకెవరికో ఇచ్చేసి రాడ్డు పట్టుకుని నిలబడతారు. పెళ్ళిచూపులనాడు మూడుసార్లు లేచి వాకిట్లోకి వెళ్ళొచ్చారు. పిల్ల నచ్చలేదేమోనని మా నాన్నగారు బెంగపడ్డారు. పిల్ల నచ్చింది. మా ఇంటి కరెంటు మీటరు ఏదో మూలుగుతోందట, అది చూడడానికి వెళ్ళారు.

నా పేరు జగదాంబ. గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ పేరు పెట్టారు. నోరు మాత్రం నేనే సంపాదించుకున్నాను.

హైదరాబాదులో చిప్పులు పరీక్షించే కంపెనీలో నాలుగేళ్ళు చేశారీయన. మంచి ఉద్యోగం. "అక్కడ కూర్చోబెడుతున్నారు జగదా" అని మానేశారు. విజయవాడలో ఇంజనీరింగు కాలేజీలో రెండేళ్ళు పాఠం చెప్పారు. అక్కడ నిలబడే ఉండొచ్చు కదా అనుకున్నాను. గది దాటి పోకూడదట, అదీ మానేశారు. హనుమాన్ జంక్షన్‌లో ఇన్వర్టర్ల షాపులో ఎనిమిది నెలలు. ఆ తర్వాత నూజివీడులో ఈ అద్దె ఇల్లు, ఇంటి ముందుగదిలో ఈయన పని. ఆ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి ఎన్నిసార్లు తిరుగుతారో ఆ గచ్చునే అడగాలి. కాలుగాలిన పిల్లి అంటారే, ఆ పిల్లికైనా సాయంత్రానికి కాలు చల్లబడుతుంది.

ఆ గదిలో జరిగే పని చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కంప్యూటర్లో దాచుకున్నదంతా డిస్కులో ఉంటుందని అందరికీ తెలుసు. ఆ డిస్కులన్నీ ఒక జాతివి కావని చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళ కిందటి దానికి నలభై పిన్నుల వెడల్పాటి నోరు. దాని తర్వాత వచ్చినదానికి సన్నటి నోరు. ఒకప్పుడు పెద్ద ఆఫీసుల్లో వాడినదానికి అరవై ఎనిమిది పిన్నులు. ఇప్పటివి బిస్కెట్టు ముక్కంత ఉంటాయి. నోరొక్కటే కాదు, మాట కూడా దేనిది దానిదే. డిస్కుకీ కంప్యూటరుకీ మధ్య కంట్రోలర్ అని ఒక చిప్పు ఉంటుంది. అది పుట్టినప్పుడు నేర్చుకున్న ఒక్క మాటే చచ్చేదాకా మాట్లాడుతుంది. అది కాలిపోతే, ఆ రకం బజార్లో దొరకడం మానేస్తే, డిస్కు లోపల అంతా భద్రంగానే ఉంటుంది కానీ అడిగి చెప్పించుకునేవాళ్ళుండరు.

ఈయన తయారుచేసుకున్న బోర్డు మీది చిప్పుకి పుట్టుకతో ఏ మాటా రాదు. లోపలంతా ఖాళీ. ఒక ఫైలు ఎక్కిస్తే ఆ క్షణం నుంచి అది పాత డిస్కుల కంట్రోలర్ అయిపోతుంది. అది తీసేసి ఇంకో ఫైలు ఎక్కిస్తే కొత్త డిస్కుల కంట్రోలర్. ఎఫ్‌పీజీఏ అంటారు దాన్ని. ఏ నోటికి ఆ నోరు తగిలించుకోవడానికి పక్కన నాలుగైదు చిన్న బోర్డులు. ఫోటో స్టూడియోల వాళ్ళు, స్కానింగ్ సెంటర్ల వాళ్ళు, రైసు మిల్లుల వాళ్ళు మూగబోయిన డిస్కులు పట్టుకొస్తే ఈయన దాంతో మాట్లాడిస్తారు. కరెంటు పోయిందంటే మాత్రం ఆ చిప్పు తానెవరో మొత్తం మర్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకురావాలి. "వెతికి వెతికి మీలాంటిదాన్నే తెచ్చుకున్నారు" అన్నాను మొదటిసారి చూసినప్పుడు. ఆయన నవ్వి, వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళారో మర్చిపోయి తిరిగొచ్చారు.

శ్రావణమాసంలో ఒక సోమవారం పొద్దున వెంకటేశ్వర్లు వచ్చాడు. రెడ్డిగూడెం మనిషి. డెబ్బై ఏళ్ళుంటాయి. చిన్నప్పటి నుంచీ తోటల్లో కూలి, ముప్ఫై ఏళ్ళకు పైగా మామిడి అంట్లు కట్టిన చెయ్యి. భుజాన గోనెసంచి దించి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇక్కడ పాత కంప్యూటర్ల లోపలున్నది బయటికి తీస్తారంటండి, నిజవేనా అమ్మగారూ?"

"తీస్తారు బాబాయ్, మనిషి ఇంట్లో ఉంటే" అన్నాను. మనిషి అప్పుడే ఎదురింటి మోటారు చూడడానికి వెళ్ళారు.

ఆయన వచ్చేలోపు పెద్దాయన తన కథ నాకు చెప్పాడు. వాళ్ళమ్మ పేరు నాంచారమ్మ. తోటల్లో కాయలేరే కూలి. ఎక్కడిదో ఒక టెంక తెచ్చి కాలవగట్టు మీద గుడిసె వెనక పాతిందట. దాని కాయ మిగతావాటిలా ఎండాకాలంలో రాదు. అన్ని తోటలూ ఖాళీ అయి, వానలు పడి, జనం మామిడిపండు మాట మర్చిపోయాక ఆషాఢంలో పండుతుంది. పండినా తోలు పచ్చగానే ఉంటుంది. "చూట్టానికి పచ్చికాయేనండి. కోస్తే లోపల పసుపుముద్ద. టెంక ఇంత పల్చన" అని బొటనవేలు గోరు చూపించాడు. ఊళ్ళో దాన్ని నాంచారమ్మ కాయ అనేవాళ్ళట. పోయిన వేసవిలో కాలవగట్టు వెడల్పు చేస్తూ చెట్టు కొట్టేశారు. "మా చెల్లెలి ఊరు పోయి నాలుగోనాడు వచ్చానండి. మొద్దు కూడా లేదు."

పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కిందట దశరథరామయ్య గారి నర్సరీలో పనిచేసినప్పుడు ఆ చెట్టు నుంచి తనే నలభై మూడు అంట్లు కట్టాడు. ఏ మొక్క ఎవరికి వెళ్ళిందో దశరథరామయ్య గారు కంప్యూటర్లో ఎక్కించుకునేవారు. అది ఏదో ఆఫీసు వాళ్ళు వేలం వేస్తే కొన్న పెట్టె. ఆయన పోయారు, నర్సరీ మూతపడింది. ఆయన కూతురు కౌముది షెడ్డు ఖాళీ చేయిస్తుంటే, పాత ఇనప సామాన్లవాడి బండి మీదికెక్కిన ఆ పెట్టెను వెంకటేశ్వర్లు అడిగి దింపించుకున్నాడు.

"నాకు తోట వద్దు, చెట్టు వద్దండి. ఆ నలభై మూడిట్లో ఎక్కడో ఒకటి ఉండకపోద్దా. ఒక్క పుల్ల చాలు. జానెడు పుల్ల. కింద కట్టుకోటానికి నాటుమొక్కలు ఆరు కుండీల్లో పెంచి ఉంచా." చేతులు ముందుకు చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఈ ఏడు ఇంకా కత్తి నిలబడతంది. వచ్చే ఏటికి నిలబడదు. కార్తీకం దాటితే సెట్టు పూత మీదికి పోద్ది, అప్పుడు పుల్ల పనికిరాదు."

నేను గుడిలో గంట వినగానే కళ్ళు మూసుకునే రకం కాదు, ఎవరేం చెప్పినా కరిగిపోయే రకం అసలు కాదు. ఆ చేతులు చూశాక మాత్రం ఈ పని జరిగి తీరాలి అనుకున్నాను. మా ఆయన రాగానే గుమ్మంలోనే చెప్పాను, "ఇది ముందు చెయ్యండి. మిగతావన్నీ తర్వాత" అని.

పెట్టెలో రెండు డిస్కులున్నాయి. ఒకటి నలభై పిన్నులది, ఇంకోటి అరవై ఎనిమిది పిన్నులది, స్కజీ అనే రకం. రెండిటినీ కలిపే పాత కార్డు కాలి నల్లబడి ఉంది. మా ఆయన పెద్దాయనకి తన బోర్డు చూపించి, ఒకటే చిప్పు ఏ డిస్కుకి ఆ కంట్రోలర్ ఎలా అవుతుందో చెప్పడం మొదలుపెట్టారు. ఈయన చెప్పేది నాకే సగం ఎక్కదు, పాపం పెద్దాయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను.

"తెలిసిందండి" అన్నాడు వెంకటేశ్వర్లు. "కింద నాటుమొక్క ఒకటే. బంగినపల్లి పుల్ల కడితే బంగినపల్లి, రసం పుల్ల కడితే రసం. మీరు పొద్దున్నొకటీ సాయంత్రవొకటీ కడతన్నారు."

మా ఆయన నడక ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ బోర్డు గురించి నాకూ, కాలేజీ వాళ్ళకీ, ఇన్వర్టర్ల వాళ్ళకీ చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి. పెద్దాయన పక్కనే మెట్టు మీద కూలబడి, ఒక పావుగంట కదలకుండా కూర్చున్నారు. నేను గడియారం చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటి డిస్కు ఆ మర్నాడే చదివేశారు. అందులో అంతకుముందు సంవత్సరాల మొక్కలే ఉన్నాయి. కావలసింది రెండోదానిలో ఉండాలి. స్కజీకి ఫైలు కొత్తగా రాయాలి. ఇక చూడండి ఈయన సంగతి. రెండు రోజులు రాశారు. మూడోరోజు స్కానింగ్ సెంటర్ వాళ్ళు పిలిస్తే వెళ్ళారు. తిరిగొచ్చి, రాసినది నచ్చక మొత్తం చెరిపేశారు. నాలుగు రోజులు అరవై ఎనిమిది పిన్నుల కనెక్టర్ కోసం కొరియర్ ఆఫీసు చుట్టూ తిరిగారు. అది వచ్చాక, ఇంకా బాగా చేయొచ్చని వేరే పద్ధతి ఎత్తుకున్నారు. ప్రతి సోమవారం పెద్దాయన బస్సెక్కి వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. చేతిలో నాలుగు నిమ్మకాయలో, గోంగూర కట్టో. "తొందరేం లేదండి" అనేవాడు. తొందర ఉందని ముగ్గురికీ తెలుసు. నేను ఈయన వెనకాల గదిలో తిరుగుతూ పోరేదాన్ని. గోడకు చెప్పుకుంటే కనీసం గోడ అక్కడే ఉంటుంది.

ఇలా భాద్రపదం వెళ్ళిపోయి దసరా వచ్చింది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పుకోవాలి. ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టడం మా పుట్టింట్లో అలవాటు. లారీలకీ ట్రాక్టర్లకీ చేసినట్టే. ఈయన ముందుగదిలో సామాను మీద ఏడాదిగా దుమ్ము. ఆయన బజారుకి వెళ్ళిన వేళ చూసి తడిగుడ్డతో అన్నీ తుడిచాను. గంధపు చెక్క నేనే సానమీద అరగదీశాను, చిక్కగా. టంకం కర్రకీ, మీటర్లకీ, బోర్డుకీ ఒక మూలన జాగ్రత్తగా, బల్ల మీదున్న డిస్కులన్నిటికీ వరసగా పెట్టుకుంటూ వచ్చాను. స్కజీ డిస్కు దగ్గరకొచ్చేసరికి దాని మూత మీద సరిగ్గా బొట్టంత గుండ్రటి కన్నం కనిపించింది. చుట్టూ ఒక గీత కూడా ఉంది. అబ్బ, బొట్టుకనే చోటు వదిలినట్టుంది అనుకున్నాను. పెద్దాయన పని కదా అని దానికి మిగతావాటికంటే ఎక్కువే పెట్టాను, వేలు తిప్పి, బాగా అద్ది. ఇది తొందరగా పలకాలి తల్లీ అని దండం కూడా పెట్టుకున్నాను.

ఆ కన్నం కింద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది, దీన్ని మూయవద్దు అని. నేను ఎం.ఏ. చదివాను. ఇంగ్లీషు రాక కాదు. బొట్టు పెట్టేటప్పుడు నుదురు చూస్తాం కానీ చదవం కదా.

పండగ వెళ్ళిన మూడోనాడు మా ఆయన ఫైలు పూర్తయింది. పొద్దున తొమ్మిదింటికి బోర్డుకి ఎక్కించి డిస్కు తిప్పారు. తెర మీద వరసలు రావడం మొదలైంది. పేరు, ఊరు, పక్కన 'నాం.' అని. నాంచారమ్మకి దశరథరామయ్య గారు పెట్టుకున్న గుర్తు. నేను వంటింట్లోంచి పరిగెత్తాను. ఒకటి, రెండు, పది, ఇరవై. ఇరవై ఆరో వరస దగ్గర డిస్కులోంచి చప్పుడు వచ్చింది. పళ్ళు కొరికినట్టు, సన్నగా. ఆయన వెంటనే ఆపేశారు. డిస్కు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. కన్నంలో గంధం ఎండి పక్కు కట్టి ఉంది.

ఆ కన్నం డిస్కు ఊపిరి పీల్చుకోవడానికట. లోపల పళ్ళెం మీద దుమ్ము రేణువంత పడినా గీతలు పడతాయట. అడ్డంగా వడపోత గుడ్డ ఉంటుంది కానీ పాతికేళ్ళది, ఎప్పుడో చివికిపోయిందట. ఇవన్నీ నేను అడిగితే చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. "పాత డిస్కు జగదా, ఎలాగూ పోయేదేనేమో" అన్నారు. అది ఆ క్షణంలో అల్లిన అబద్ధమని మొహంలోనే తెలుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అవును, మీరు ఒకచోట కూర్చునే మనిషైతే దసరా ముందే అయిపోయేది" అని అరిచాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, నా పిడికిలి తగ్గించుకోవాలని చూశాను. తగ్గలేదు.

సోమవారం వెంకటేశ్వర్లు వచ్చాడు. అతనికి చదువు రాదు, నేనే చదివి వినిపించాను.

"ముసునూరు, రామకోటయ్య గారు, ఒక మొక్క."

"ఆ తోట తీసేసి ఆయిల్‌పామ్ వేశారండి."

"ఆగిరిపల్లి, సుబ్బారాయుడు గారు."

"ప్లాట్లు పడ్డయ్."

"చాట్రాయి, సత్యవతి గారు."

"ఆయమ్మ పోయింది. కొడుకులు పంచుకున్నప్పుడు గట్టు మీద చెట్లన్నీ కొట్టేశారు. నేను అక్కడ కాయ కోతకి పోయానండి."

ఇలా ఒక్కొక్కటే. ఆ చుట్టుపక్కల ప్రతి తోటలో ఏదో ఒక ఏడు పనిచేసిన మనిషి, ఏ చెట్టు ఏమైందో చేతి గీతల్లా తెలుసు. తెలియనివి నాలుగు మిగిలితే నేను ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఒకటి గాలివానకి పడింది, రెండు పురుగు పట్టి పోయాయి, ఒకటి నాటిన ఏడే ఎండిపోయింది.

"నలభై మూడు కట్టానండి. ఇరవయ్యారేనా ఉన్నయ్యి?" అన్నాడు చివరికి.

చెప్పాను. గంధం సంగతి, కన్నం సంగతి, దాచకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తిరిగి నాలుగు మాటలు అనేసి తేలికపడేదాన్ని.

"దేవుడి పనేగా అమ్మగారూ చేశారు" అన్నాడు. నిమ్మకాయలు మెట్టు మీద పెట్టి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి కుదురు లేనిది నాకు. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడేదాన్ని. పొయ్యి మీద ఏదో పెట్టి వీధిలోకి వెళ్ళేదాన్ని. ఎవరింటి ముందు మామిడిచెట్టు కనిపించినా గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, ఇది ఎక్కడ కొన్నారు, కాయ ఎప్పుడొస్తుంది అని అడిగేదాన్ని. కూరగాయల బండి దగ్గర ఒకావిడ నన్ను చూసి పక్కకి తప్పుకుంది. దండం పెట్టుకోవడానికి కూర్చుంటే గంధపు సాన కనిపించేది, లేచిపోయేదాన్ని. సోమవారం వస్తోందంటే భయం. పెద్దాయన మానకుండా వచ్చేవాడు, నా మొహం చూసి గబగబా ఇంకేదో మాట ఎత్తుకునేవాడు. "అన్నం తింటన్నారా అమ్మగారూ? చిక్కిపోయారు" అన్నాడొకసారి. నేను అతని మీద కూడా విసుక్కున్నాను.

మా ఆయన మాత్రం కూర్చున్నారు. నా కళ్ళతో నేను చూశాను కాబట్టి నమ్మాను. బజార్లో దొరికే కంట్రోలర్ కార్డు, డిస్కు ఒకసారి తడబడితే పదిసార్లు గద్దించి, అప్పటికీ పలకకపోతే ఇది పనికిరాదని తేల్చేస్తుందట. ఆ గద్దింపులోనే దెబ్బతిన్న డిస్కు పూర్తిగా చస్తుంది. తన బోర్డు తను ఎలా రాస్తే అలా నడుచుకుంటుంది కాబట్టి, ఈయన దానికి వేరే పద్ధతి రాశారు. ఒక్కసారే అడగాలి. చెప్పకపోతే వదిలేసి, డిస్కుని ఆపి, చల్లబడనిచ్చి, ఇంకో వైపు నుంచి మళ్ళీ ఒక్కసారే అడగాలి. పుట్టిన నాటి నుంచి ఓపిక అనేది ఎరగని మనిషి చిప్పుకి ఓపిక రాసి పెట్టారు. ఒక్కో ప్రయత్నానికి ఇన్వర్టర్ పక్కనే పెట్టుకుని మూడేసి గంటలు కుర్చీలోంచి లేచేవారు కాదు. కాఫీ నేనే తీసుకెళ్ళి ఇవ్వాల్సి వచ్చింది, మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఆశ్వయుజం అయిపోయింది. కార్తీకం సగమైంది. డిస్కులోంచి ముక్కలొచ్చేవి, ఒక అక్షరం, సగం ఊరు, పనికిరాని అంకెలు. పౌర్ణమి వెళ్ళిన నాలుగోనాడు పొద్దున పదింటికి ఒక వరస పూర్తిగా వచ్చింది.

లక్ష్మీనరసింహారావు మాస్టారు, ఉంగుటూరు, నాం. ఒకటి.

ఉంగుటూరు వైపు పెద్దాయన ఎప్పుడూ కూలికి వెళ్ళలేదు. అదంతా వరి. ఆ చెట్టేమైందో అతనికి తెలియదు. ఫోన్ మీద ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి మాస్టారు దొరికారు. "ఉందండీ, దొడ్లో. ఏపుగా పెరిగింది" అన్నారు.

మర్నాడే నేనూ వెంకటేశ్వర్లూ బస్సెక్కాం. మా ఆయన బోర్డు దగ్గర ఉండిపోయారు. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకున్నాడు. సంచిలో అంటుకత్తి, పుల్లలు చుట్టుకోవడానికి తడిపిన గోనెపట్టా, అరటినార. దారంతా నేను ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను, అతను కిటికీలోంచి చూస్తున్నాడు.

"చెట్టు ఉన్నంత మాత్రాన కాదండి" అన్నాడు మధ్యలో. "ఒక్కోసారి కట్టిన అంటు చచ్చిపోయి కింద నాటు లేచుద్ది. సెట్టు బ్రహ్మాండంగా పెరుగుద్ది. కాయ మాత్రం వేరే."

"ఇది అలా కాదులే బాబాయ్" అన్నాను. నాకెలా తెలుసు? తెలియదు. అలా కాకూడదు, అంతే.

మాస్టారు మంచి మనిషి. దొడ్లోకి తీసుకెళ్ళారు. బోరు పక్కన పెద్ద చెట్టు, గొడుగు పట్టినట్టుంది. "దశరథరామయ్య గారు స్వయంగా ఇచ్చిన మొక్కండీ. తీపి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ ఆఖరికల్లా చెట్టు ఖాళీ చేసేస్తారు మా మనవలు" అన్నారు.

ఏప్రిల్ అన్న మాట నా చెవిన పడింది. నాంచారమ్మ కాయ ఆషాఢం దాకా పండదు.

వెంకటేశ్వర్లు ఒక ఆకు తెంపి, అరచేతుల మధ్య నలిపి, వాసన చూశాడు. ఇంకో కొమ్మ నుంచి ఇంకో ఆకు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, అతనికి తెలుసు.

"ఇదేనండి అమ్మగారూ" అన్నాడు. "మా అమ్మ సెట్టే."

"మరి ఏప్రిల్ అంటున్నారే?"

"నేలను బట్టి మారుద్దండి. ఇది వరినేల, నీళ్ళెక్కువ. ముందే పండేసుద్ది."

నేను అక్కడే, పరాయివాళ్ళ దొడ్లో, బోరు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మాస్టారు కంగారుపడి మజ్జిగ తెప్పించారు. పెద్దాయన చెట్టు చుట్టూ తిరిగి, మొదలు మీద చెయ్యి వేసి, "ఇంక మీరు నిమ్మళంగా ఉండండమ్మా" అన్నాడు. నేను మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి, మాస్టారి భార్యతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసరికి అతను సంచి సర్దుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

తిరుగు బస్సులో నెల రోజుల తర్వాత నాకు ఆకలి తెలిసింది. కుండీలు ఎక్కడ పెట్టాలి, ఎండ తగలాలా వద్దా, ఆరిట్లో ఒకటి నాకివ్వాలి అని ఒకటే మాటలు. అన్నిటికీ అతను సరేనండి, అలాగేనండి అన్నాడు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారాలి. అతను కుళాయి దగ్గరకి మంచినీళ్ళకి వెళ్ళాడు. సంచి బెంచీ పక్కన కింద పెట్టాడు, జనం తొక్కేస్తున్నారు. లోపలి పుల్లలు నలిగిపోతాయని నేను దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. తేలిగ్గా ఉంది. మూతి విప్పి చూశాను.

గోనెపట్టా పొద్దున పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. అరటినార చుట్ట విప్పలేదు. కత్తికి చుట్టిన గుడ్డ కూడా విప్పలేదు. ఒక్క పుల్ల లేదు.

జానెడు పుల్ల కోసం మూడు నెలలు నా మెట్టు మీద కూర్చున్న మనిషి, నా మొహం చూసి దాన్ని వదులుకున్నాడు. వేరే చెట్టుని వాళ్ళమ్మ చెట్టేనని ఒక్క మాట అనేసి, మిగతా పదహారు వరసలూ ఇంక వెతకొద్దని నాకు సెలవిచ్చేశాడు. అతని చేతులకి వచ్చే ఏడు లేదని తెలిసి కూడా. నాకు సిగ్గు వేసింది, ఆ బస్టాండులో నేల చీలితే బాగుండుననిపించేంత సిగ్గు.

అతను నీళ్ళ సీసాతో వచ్చాడు. సంచి నా ఒళ్ళో ఉండడం, మూతి విప్పి ఉండడం చూశాడు. అతను సంచి తీసుకుని, మూతి బిగించి, "బస్సొచ్చిందండి" అన్నాడు. పక్కపక్కన కూర్చున్నాం.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన బల్ల ముందే ఉన్నారు. "దొరికిందా?" అన్నారు.

"కార్తీకం ఇంకా పది రోజులుంది" అన్నాను. "మిగతా పదహారూ చదవండి."

ఆయన నా మొహం చూశారు. కుర్చీ ముందుకి లాక్కున్నారు.